తెల్ల చొక్కా వెనక నాలుగు బండ్లు

ఉద్యోగ విరమణకు ఐదేళ్ళ ముందు, ఒక వేసవి మొదట్లో, నన్ను తిరుత్తణికి దగ్గరలో ఉన్న ఒక చిన్న స్టేషనుకు స్టేషన్ మాస్టరుగా మార్చారు. ఎక్స్‌ప్రెస్ బండ్లు ఆగని స్టేషను అది. ప్యాసింజర్లు ఆగుతాయి, గూడ్సు బండ్లను దారి కోసం పక్క లైన్లో నిలబెడతారు. ముగ్గురు మాస్టర్లం ఎనిమిదేసి గంటల వంతున పనిచేసేవాళ్ళం. నాది ఎక్కువగా ఉదయం ఆరు నుంచి మధ్యాహ్నం రెండు దాకా ఉండే డ్యూటీ. ఇల్లు తిరుత్తణిలోనే కాబట్టి స్కూటరు మీద వచ్చిపోయేవాణ్ణి.

మా స్టేషనుకు రెండు కిలోమీటర్ల దూరంలో ఒక లెవెల్ క్రాసింగు గేటు ఉండేది. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి తిరువళ్ళూరు–తిరుత్తణి పెద్దరోడ్డు ఎక్కాలంటే ఆ గేటు దాటాల్సిందే. ఒకప్పుడు ఎద్దులబండ్లు, సైకిళ్ళు పోయే రోడ్డు. తర్వాత ఇటుక బట్టీలు, రెండు కంపెనీలు వచ్చి టిప్పర్లు, కంపెనీ బస్సులు, లెక్కలేనన్ని మోటారు సైకిళ్ళు తిరగడం మొదలైంది. గేటు మాత్రం పాతదే.

గేటు పాతదంటే ఏమిటో చెప్పాలి. ఇప్పటి గేట్లలో చాలావాటికి సిగ్నలుతో తాళం ముడిపడి ఉంటుంది. గేటు పడి తాళం పడితే తప్ప సిగ్నలు పచ్చగా మారదు. మా గేటుకు ఆ ఏర్పాటు మంజూరైంది కానీ పని మొదలు కాలేదు. అప్పటిదాకా అంతా టెలిఫోను మీద, మాట మీద నడిచేది. పక్క స్టేషను బండి పంపడానికి అనుమతి అడగగానే, మాస్టరు గేటుకు ఫోను చేసి గేటు వేయమంటాడు. గేట్‌మన్ చక్రం తిప్పి బూములు, అంటే రోడ్డుకు అడ్డంగా పడే పొడవాటి కడ్డీలు, దించి, తాళం వేసి, తిరిగి వచ్చి ఫోనులో ఒక రెండంకెల నంబరు చెప్తాడు. దాన్ని ప్రైవేట్ నంబరు అంటాం. వరుస లేకుండా అచ్చువేసిన కాగితం ఒకటి అతని దగ్గర ఉంటుంది. వాడిన నంబరును కొట్టేస్తాడు, మేము రిజిస్టరులో రాసుకుంటాం. ఆ నంబరు చెప్పాడంటే గేటు వేసి ఉందని ప్రమాణం చేసినట్టే. వేయకుండా చెప్పాడని రుజువైతే ఉద్యోగం పోతుంది.

ఆ గేటు దగ్గర మనుషుల ప్రవర్తన మీద నాకు విపరీతమైన కోపం ఉండేది. గేటు పడగానే ఎడమ పక్కన వరుసగా నిలబడాలని ఒక్కరికీ తోచదు. వెనకొచ్చిన కారు వరుస తప్పి కుడి పక్కకు వచ్చి ముందుకు దూరుతుంది. దాని వెనక ఆటో, ఆటో పక్క సందులో మోటారు సైకిళ్ళు. అవతలి వైపూ ఇదే తంతు. రైలు పోయి గేటు లేచేసరికి రోడ్డు మొత్తం నిండిన రెండు గుంపులు పట్టాలకు అటూ ఇటూ ఎదురెదురుగా నిలబడి ఉంటాయి. ఎవరికీ కదిలే దారి ఉండదు, అందరూ హారన్ మోగిస్తూనే ఉంటారు. ఈలోగా తర్వాతి బండికి గేటు వేయమని మేము ఫోను చేస్తే, పట్టాల మీద టిప్పరు ఇరుక్కుని ఉంటుంది. రెండుసార్లు బూము విరగ్గొట్టి వెళ్ళిపోయారు. ఇక ద్విచక్రవాహనాల వాళ్ళకు పడిన గేటు ఒక లెక్కే కాదు. తల వంచి బూము కింద దూరిపోవడమే.

ఇవన్నీ నేను పై ఆఫీసుకు రాశాను, పోలీసు స్టేషనుకు రాశాను. భద్రతా వారోత్సవాలు జరిగినప్పుడు దగ్గరి హైస్కూలుకు వెళ్ళి పిల్లలకు ఉపన్యాసం కూడా ఇచ్చాను. ఇంట్లో మాట్లాడేటప్పుడు ఈ జనాన్ని పశువులనే అనేవాణ్ణి.

పగటి గేట్‌మన్ పేరు ఏసుపాదం. తామరైపాక్కం వైపు మనిషి, యాభై దాటిన వయసు. జనం తిట్లన్నీ పడేది అతనే. నేను డ్యూటీ దిగి ఇంటికి పోతూ అక్కడ ఆగిన రోజుల్లో అవి నా చెవిన కూడా పడేవి. ఒకసారి ఒక కారాయన కిటికీలోంచి తల బయట పెట్టి, రైలు కనిపించడమే లేదు కదా, గేటు ఎందుకు వేశావని కేకలేశాడు. ఏసుపాదం జెండాలు చంకలో పెట్టుకుని నింపాదిగా అన్నాడు: "రైలు కనపడినాక వేస్తే దాన్ని గేటు అనరు సార్, పాడె అంటారు."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. కారాయన అద్దం ఎత్తుకున్నాడు.

నేను చెప్పదలచుకున్న సంగతి జరిగిన రోజు తిరువళ్ళూరులో మా బావమరిది గృహప్రవేశం. నా భార్య పొద్దున్నే వెళ్ళిపోయింది. రెండు గంటలకు డ్యూటీ అప్పజెప్పి, బట్టలు మార్చుకునే ఓపిక కూడా లేకుండా తెల్ల యూనిఫారంలోనే బయలుదేరాను. అప్పటికే ఆమె రెండుసార్లు ఫోను చేసింది. "పంక్తులు ఐపోతా ఉండాయి, మా అన్న మీకోసరం తినకుండా కూచోనుండాడు," అని మూడోసారి చేసినప్పుడు అంది.

గేటు చేరేసరికి అది పడి ఉంది. ఇవతల వాహనాలు రోడ్డంతా నిండి ఉన్నాయి. నేను కుడి పక్క నుంచి, అంటే నేను రోజూ తిట్టే ఆ దారినే, అందరినీ దాటుకుని బూము దాకా వెళ్ళాను.

ఇక్కడ నేను చేసిన తప్పు మామూలు బాటసారి చేసే తప్పు కాదు. బాటసారికి రైలు ఎక్కడుందో తెలియదు, తెగించి పోతాడు. నాకు తెలుసు అనుకున్నాను. ప్యాసింజరు రెండుకు ముందే వెళ్ళింది. తర్వాతి గూడ్సు ఇంకా అరక్కోణంలోనే ఉంది, ఇరవై నిమిషాలకు తక్కువ పట్టదు. పావుగంట క్రితం దాకా ఆ లైనును నడిపింది నేనే. ఏసుపాదం తొందరపడి గేటు వేశాడని అనుకున్నాను. అతను గేటు గది ముందు ఎర్రజెండా, పచ్చజెండా పట్టుకుని నిలబడి ఉన్నాడు. నేను చేయి ఊపి, ఏమీ లేదన్నట్టు సైగ చేశాను. అతను తల అడ్డంగా ఊపుతూ ఏదో అరిచాడు. హారన్ల మోతలో వినపడలేదు. వినాలని నేను ఆగలేదు కూడా. తల హ్యాండిలు దాకా వంచి, బూము కింద నుంచి స్కూటరు పోనిచ్చాను.

నాకు తెలియనిది ఏమిటంటే, నేను డ్యూటీ అప్పజెప్పిన పది నిమిషాలకు తిరుత్తణి వైపు నుంచి ఒక లైట్ ఇంజిన్ బయలుదేరింది. లైట్ ఇంజిన్ అంటే పెట్టెలు లేకుండా ఒంటరిగా పోయే ఇంజిను. దానికి టైంటేబులు ఉండదు. ఎక్కడో ఇంజిను అవసరమైతే కంట్రోలు ఆఫీసు అప్పటికప్పుడు పంపిస్తుంది. కరెంటు ఇంజిను కాబట్టి పొగ లేదు, పెద్ద చప్పుడూ లేదు.

నేను మొదటి పట్టా దాటుతుండగా వెనక ఎవరో గట్టిగా అన్న మాట ఈరోజుకీ చెవిలో ఉంది: "మాస్టరే పోతా ఉండాడు, ఇంక రైలు యాడిది? పదండప్పా!"

అవతలి బూము కింద కూడా దూరి వెనక్కి తిరిగి చూశాను. నాలుగు బండ్లు నా వెనకే లోపలికి వచ్చాయి. ఎవరో ఒకాయన బూము కొసను భుజం మీదికెత్తి పట్టుకుని మిగతావాళ్ళకు దారి ఇస్తున్నాడు. ముగ్గురు మోటారు సైకిళ్ళ మీద దాటేశారు. నాలుగోది ఒక ఆడమనిషి నడుపుతున్న స్కూటరు, వెనక ఆమె అత్త కూర్చుని ఉంది. అవతల ఎదురుగా నిండిపోయిన వాహనాల వల్ల వాళ్ళకు ముందుకు దారి దొరకలేదు. ఆగడంలో బండి ఒరిగి, ముందు చక్రం పట్టాకూ పక్కనున్న ఇనుపకడ్డీకీ మధ్య సందులో దిగింది. ముసలామె కింద పడింది.

అప్పుడు ఇంజిను కూత వినిపించింది.

ఏసుపాదం పచ్చజెండా పారేసి, ఎర్రజెండా విప్పి ఊపుకుంటూ ఇంజినుకు ఎదురుగా పట్టాల మధ్యన పరుగెత్తాడు. మలుపు దాకా వెళితేనే డ్రైవరుకు కనపడతాడు. నేను స్కూటరు పడేసి లోపలికి పరుగెత్తాను. ముసలామె లేవలేకపోతోంది. నేనూ కోడలూ చెరో రెక్క పట్టుకుని ఈడ్చి పట్టాల పక్క కంకరలో పడేశాం. వెంటనే కోడలు స్కూటరు కోసం వెనక్కి పోబోయింది. చెయ్యి పట్టి ఆపాను. బ్రేకుల కీచుమోత చాలాసేపు వినిపించింది. ఇంజిను ఆగింది. దానికీ స్కూటరుకూ మధ్య రెండు లారీలు పట్టేంత దూరం ఉంది.

ఎవరికీ ఏమీ కాలేదు. ముసలామె మోచేయి గీసుకుపోయింది, అంతే. నలుగురు వచ్చి స్కూటరు బయటికి లాగారు. ముందు చక్రం వంగింది కానీ నడిచే స్థితిలోనే ఉంది. ఆ కోడలు చీర దులుపుకుంటూ నా యూనిఫారం చూసి, అందరి ముందూ అడిగింది: "నువ్వు పోతివి గదయ్యా! నీ ఎనకనే గదా మేము వచ్చింది? తెలిసినోడివి నువ్వే అట్ల పోతే మాకేం తెలస్తాది?"

ఏసుపాదం ఇంజిను డ్రైవరుతో మాట్లాడుతున్నాడు. నా వైపు ఒకసారి చూశాడు. నేను స్కూటరెక్కి వెళ్ళిపోయాను. తిరువళ్ళూరు చేరి, గృహప్రవేశం ఇంట్లో ఆకు ముందు కూర్చుని, బావమరిది వడ్డించిన పాయసం కూడా తిన్నాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది కానీ, తిన్నాను.

మర్నాడు డ్యూటీకి వెళ్ళేసరికి ఏసుపాదాన్ని సస్పెండు చేశారని తెలిసింది. డ్రైవరు తన రిపోర్టులో చూసింది చూసినట్టు రాశాడు: గేటులో మనుషులు, స్కూటరు ఉన్నాయి, ఒక బూము కొస పైకి లేచి ఉంది, గేట్‌మన్ ఎర్రజెండా చూపితే ఆపాను. అందులో అబద్ధం లేదు. కానీ చదివినవాడికి కలిగే అనుమానం ఒక్కటే. గేట్‌మన్ గేటు పూర్తిగా వేయకముందే ప్రైవేట్ నంబరు ఇచ్చేశాడు, తర్వాత భయపడి పరుగెత్తాడు. జనం తొందరపెట్టినప్పుడు అలా చేసినవాళ్ళు లేకపోలేదు. విచారణను ఒక ట్రాఫిక్ ఇన్‌స్పెక్టరుకు అప్పగించారు. రైల్వేలో ఆ పేరుతో ఉండేది రోడ్డు పోలీసు కాదు, స్టేషన్ల పనితీరును తనిఖీ చేసే అధికారి. బూము ఎత్తినాయన ఎవరో తెలియదు. మోటారు సైకిళ్ళవాళ్ళు ఆగలేదు. ఆ అత్తాకోడళ్ళ వివరం ఎవరూ రాసుకోలేదు. గేటు సరిగ్గా వేసి ఉందని చెప్పగలిగిన సాక్షిని నేనొక్కణ్ణే. నా పేరు ఎక్కడా లేదు.

తొమ్మిది రోజులు నోరు విప్పలేదు. నాకు నేను చెప్పుకున్న కారణాలు చాలా ఉన్నాయి. అతనే నా పేరు చెప్పలేదు కదా, నేనెందుకు మధ్యలో దూరాలి. విచారణలో నిజం అదే తేలుతుంది. నాలుగేళ్ళలో రిటైరయ్యేవాణ్ణి, మచ్చ లేని సర్వీసు. గేటు మీద నేను రాసిన ఫిర్యాదుల ఫైలు బీరువాలోనే ఉంది. దాని వైపు చూడలేకపోయేవాణ్ణి. బండి వచ్చినప్పుడల్లా గేటుకు ఫోను చేయాలి, అవతల నుంచి మరో మనిషి గొంతు నంబరు చెప్పేది. నేను రాసుకునేవాణ్ణి. అన్నం సహించలేదు. నా భార్య అడిగితే ఎండ అన్నాను.

పదో రోజు ఏసుపాదం ఇంటికి వెళ్ళాను. రేకుల కప్పు వేసిన రెండు గదుల ఇల్లు. అతని భార్య మార్తమ్మ వాకిట్లో బియ్యం చెరుగుతోంది. నన్ను చూసి చేట ఆపలేదు.

"రండి మాస్టరయ్యా. ఈ పొద్దు ఏ గేటూ అడ్డం రాలేదా?" అంది.

ఏసుపాదం ఆమెను లోపలికి పొమ్మని కసిరి, నాకు స్టూలు వేశాడు. కూర్చుని, నా పేరు ఎందుకు చెప్పలేదని అడిగాను. నా మీద దయతో అన్న జవాబు వస్తుందని ఎక్కడో ఆశపడ్డానేమో.

"చెప్తే ఎవరు నమ్మతారయ్యా? తప్పించుకునేదానికి మాస్టరు పేరు పెట్నాడు, ఈడి కొవ్వు చూడమంటారు. మీరు కాదంటే నా కథ ఇంకా అధ్వానం. అందుకని ఊరకుండాను," అన్నాడు. తర్వాత ఇంకొక మాట చేర్చాడు: "మీరు వస్తారేమో అని చూసినాను. తొమ్మిది దినాలు చూసినాను."

లోపల నుంచి మార్తమ్మ అంది: "వచ్చినాడు గదా, కాఫీ తాగి పోతాడులే."

ఆ కాఫీ నేను తాగలేదు. మర్నాడే విచారణ తేదీ అని అతని దగ్గరే తెలుసుకుని వచ్చేశాను.

మర్నాడు సెలవు పెట్టి విచారణ జరిగే ఆఫీసుకు వెళ్ళాను. ముందే నా చేతిరాతతో రెండు పేజీల స్టేట్‌మెంటు రాసుకున్నాను. ఇన్‌స్పెక్టరు నాకంటే పదిహేనేళ్ళు చిన్నవాడు. మొదటి పేజీ సగం చదివి, కాగితం నా వైపు తిప్పి బల్ల మీద పెట్టాడు. "సార్, మీకు ఇంకా నాలుగేళ్ళేగా ఉంది. ఇది ఇవ్వడానికి ముందు ఇంకోసారి చదువుకుంటారా?" అని మర్యాదగానే అడిగాడు. రాసింది నేనే కాబట్టి చదవాల్సిన పని లేదన్నాను.

అతను అడగాల్సినవన్నీ అడిగాడు. గేటు పూర్తిగా పడి ఉందని ఎలా చెప్పగలరు? స్కూటరు మీద నా తల హ్యాండిలుకు ఆనేంత వంగితే గానీ దూరలేకపోయాను, సగం లేచి ఉంటే వంగాల్సిన అవసరమే ఉండేది కాదని చెప్పాను. చక్రానికి తాళం? గది ముందు నుంచి పోతూ తాళం పడి ఉండటం చూశాను. మరి బూము కొస ఎలా లేచింది? నా వెనక వచ్చినవాళ్ళలో ఒకాయన భుజం మీద ఎత్తి పట్టుకున్నాడు. వాళ్ళు ఎందుకు లోపలికి వచ్చారు? ఈ ప్రశ్నకు సమాధానం స్టేట్‌మెంటులో ఆఖరి వాక్యంగా రాసే ఉంచాను: యూనిఫారంలో ఉన్న స్టేషన్ మాస్టరు ముందు వెళ్ళాడు కాబట్టి.

"గేట్‌మన్ మిమ్మల్ని ఆపలేదా?"

"ఆపాడు. నేను ఆగలేదు."

అతను అదీ రాసుకుని సంతకం పెట్టించుకున్నాడు. బయట బెంచీ మీద ఏసుపాదం ఇస్త్రీ చొక్కాతో, పక్కన మార్తమ్మతో కూర్చుని ఉన్నాడు. లోపల ఏం చెప్పానో క్లుప్తంగా చెప్పాను. అతను లేచి నిలబడ్డాడు. మార్తమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని, "తిన్నావా అయ్యా?" అని అడిగింది. లేదన్నాను. ఆఫీసు మెట్లు దిగుతుంటే ఒక్కసారిగా భరించలేనంత ఆకలి వేసింది. ఎదురుగా ఉన్న హోటల్లో వరసగా నాలుగు ఇడ్లీలు, రెండు వడలు తిన్నాను. పదకొండు రోజుల తర్వాత తిండి రుచి తెలిసింది అప్పుడే. నాకు శిక్ష పడుతుందని తెలుసు. అయినా ఆ పూట గుండె మీద బరువు దిగిపోయింది.

విచారణలో గేట్‌మన్ తప్పేమీ లేదని, పైగా అతని సమయస్ఫూర్తి వల్లే ప్రమాదం తప్పిందని తేల్చారు. సస్పెన్షను ఎత్తేశారు. నాకు చార్జిషీటు ఇచ్చి, ఒక ఇంక్రిమెంటు ఆపి, శిక్షణ కేంద్రానికి పంపి కొత్తవాళ్ళ పక్కన కూర్చోబెట్టి భద్రతా నియమాలు మళ్ళీ చదివించారు. అన్యాయం ఏమీ లేదు. ఇంతకంటే పెద్ద శిక్ష వేసినా నేను కాదనలేకపోయేవాణ్ణి.

శిక్షణ నుంచి తిరిగొచ్చిన రోజు పొద్దున మొదటి ప్యాసింజరుకు గేటుకు ఫోను చేశాను. ఏసుపాదం ఎత్తాడు. గేటు వేయమన్నాను. కొంతసేపటికి ఫోనులో అతని గొంతు వినిపించింది.

"వేసినానయ్యా. తాళం పడినాది. నంబరు చెప్పేకి ముందు ఒకటి అడగల్ల."

"ఏమిటి?"

"మీరు ఆఫీసులోనే ఉండారు గదా?"

నేను నవ్వాను. అతనూ నవ్వి నంబరు చెప్పాడు. రాసుకున్నాను.

ఇప్పుడు తిరువళ్ళూరులో ఉంటున్నాను. రోడ్డు మీద జనం మారలేదు. ఎదురుదారిలో రావడం, హారన్ మోగించడం, పడిన గేటు కింద దూరడం అన్నీ అలాగే ఉన్నాయి. వాళ్ళను పశువులనడం మాత్రం నేను మానేశాను. ఆ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఇది: రోడ్డు మీద మనిషి బోర్డు చదవడు, రూలు గుర్తు పెట్టుకోడు, ముందు పోతున్నవాణ్ణి చూసి నడుస్తాడు. ముందున్నవాడికి తెలిసిన విషయం పావుగంట పాతదైనా వెనకవాడికి ఆ సంగతి తెలియదు. డ్యూటీ దిగిన మాస్టరుకు రైళ్ళ గురించి ఏమీ తెలియదనే నియమాలు అనుకుంటాయి, అది సరైనదే. గేటు పడితే ఆగాలి. రైలు ఎప్పుడొస్తుందో తనకు తెలుసనుకునేవాడు అందరికంటే ముందు ఆగాలి.